మనవాడు, మీవాడు

ఆ వీధిలో తప్పులేని బోర్డు ఏదైనా కనిపిస్తే అది పెయింటరు రాసిందే. తప్పులున్నవన్నీ ఈమధ్య కంప్యూటర్లో కొట్టించుకుంటున్న ఫ్లెక్సీలు. ‘శుబాకాంక్షలు’ అని ఒత్తు లేకుండా వేలాడే ఫ్లెక్సీ కిందుగా వెళ్ళాల్సి వస్తే ఆయన రోడ్డు దాటి అవతలి పక్కనుంచి నడిచేవాడు. బేకరీవాడు ‘కేకులు, బిస్కేట్లు’ అని పెట్టించుకున్న రోజున పనిగట్టుకుని లోపలికి వెళ్ళి, “ఏమయ్యా, బిస్కెట్టుకు అంత సాగదీత దేనికి? నీ దగ్గర దీర్ఘాలు ఎక్కువైతే దాచుకో, ఇంకో బోర్డుకి పనికొస్తాయి” అని చెప్పి మరీ వచ్చాడు. ఆనాటి నుంచి బేకరీవాడు ఆయనకు నిన్నటి రొట్టె తీసి ఇచ్చేవాడు. ఆయనా అది నిన్నటిదని తెలిసే తినేవాడు కానీ క్షమాపణ చెప్పలేదు.

ఆయనకు మనుషులంటే చులకన. అందులో దాపరికం లేదు. సంతకం పెట్టమని ఇస్తే పేరు గెలికేసేవాళ్ళన్నా, ‘ళ’కి ‘ల’కి తేడా తెలియకుండా పెద్ద కుర్చీల్లో కూర్చునేవాళ్ళన్నా ఆయన ముక్కు దానంతటదే ముడుచుకునేది. కానీ అందరిలోకీ ఎక్కువ చులకన ఎవరంటే, తన దుకాణం ముందున్న బెంచీ మీద పొద్దస్తమానం కూర్చుని ఫుట్‌బాల్ మాట్లాడే ఆ ముగ్గురూ.

దుకాణం అంటే ఒక షట్టరు గది. లోపల టర్పెంటైను వాసన, పాలపొడి డబ్బాల్లో తలకిందులుగా నిలబెట్టిన కుంచెలు, కుంచెలు తుడిచీ తుడిచీ అన్ని రంగులూ కలిసి ఏ రంగూ కాకుండా పోయిన గోడ. బెంచీ వచ్చినవాళ్ళు కూర్చోవడానికని వేయించింది. ఫ్లెక్సీలు వచ్చాక పనిమీద వచ్చేవాళ్ళు తగ్గారు, బెంచీ ఖాళీ పడింది. ఖాళీ బెంచీ కనపడితే వదలని జాతి ఒకటి ఉంటుంది కదా, అది వచ్చి కూర్చుంది.

వాళ్ళలో ఒకరు ప్లీడరు దగ్గర గుమాస్తా. ఏ మాటకీ తను దొరకకుండా మాట్లాడటం ఆయన ఉద్యోగంలో నేర్చుకున్నది. రెండోవారు పళ్ళ డాక్టరు. పేషెంట్లు లేని పూట మేడ మీది క్లినిక్కు నుంచి దిగి వచ్చేవారు, అంటే రోజూ వచ్చేవారు. మూడోవాడు సెల్‌ఫోన్లు బాగుచేసేవాడు. ఏ మ్యాచి గురించి అడిగినా ‘రెండు సున్నా మనదే’ అని చెప్పేవాడు కాబట్టి వాడి పేరే రెండు-సున్నా అయిపోయింది. వాడి పెళ్ళాం కూడా అలాగే పిలుస్తుందని వినికిడి. ఈ ముగ్గురిలో ఒక్కడు కూడా జన్మలో బంతిని తన్నిన పాపాన పోలేదు. ఊరి జట్టు అభిమానుల సంఘానికి మాత్రం వీళ్ళే అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి.

జట్టు గెలిస్తే వాళ్ళు ‘మనం గెలిచాం’ అనేవాళ్ళు. ఓడితే ‘వాళ్ళు ఓడిపోయారు’. పెయింటరు చెవిన ఇది మొదట పడ్డప్పుడు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది. ఎందుకు మండిందంటే, ఆ జట్టుకి గోల్‌కీపరు ఆయన మనవడే. కూతురి కొడుకు. పార్సిల్ ఆఫీసులో మూటలు మోస్తూ, తెల్లవారకముందే లేచి మైదానానికి పోయి, మోకాళ్ళు చెక్కుకుని తిరిగొచ్చే మనిషి. అతను పెనాల్టీ ఆపిన మర్నాడు ముగ్గురూ బెంచీ దగ్గరకు వస్తూనే, “చూశారా పెయింటరు గారూ, మనవాడు ఎలా పట్టాడో” అనేవాళ్ళు. గోలు వదిలిన మర్నాడు, “ఏమండీ, మీవాడికి రాత్రి నిద్ర లేదా?” అని అడిగేవాళ్ళు. మనవాడు ఒక్కరోజులో మీవాడైపోయేవాడు. మళ్ళీ ఏదన్నా పట్టుకునేదాకా అలాగే ఉండేవాడు.

సెమీఫైనల్లో జట్టు మూడు రెండుతో నెగ్గింది. కానీ అవతలివాళ్ళు కొట్టిన ఆ రెండు గోల్స్‌లో ఒకటి మెల్లగా దొర్లుకుంటూ వచ్చి, కీపరు రెండు కాళ్ళ మధ్య నుంచి లోపలికి పోయింది. గుమాస్తా ఇంటికి వెళ్ళే దారి కాకపోయినా దుకాణం మీదుగా వచ్చి చెప్పాడు: “మీవాడు బంతిని చక్కగా సాగనంపాడండీ. వీధి గుమ్మం దాకా వచ్చిన చుట్టాన్ని సాగనంపినట్టు.”

పెయింటరు ఏ మ్యాచికీ వెళ్ళినవాడు కాదు. ఎదిగిన మగాళ్ళు ఇరవైమంది ఒక బంతి కోసం కొట్టుకుంటుంటే, ఇంకొకడు రెండు గుంజల మధ్య నిలబడి ఎదురుచూడటం ఆయన దృష్టిలో ఒక పనే కాదు. అయినా ఆ మాట లోపల గుచ్చుకుంది. గుచ్చుకున్నది తీసి పారేయకుండా ఇంటికి మోసుకుపోయాడు. కుళాయి దగ్గర మనవడు మేజోళ్ళు ఉతుక్కుంటున్నాడు. కూతురు ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చి చెప్పులు విడుస్తోంది. ఆయన మనవడి మీదుగా కూతురితో అన్నాడు: “నీ కొడుకు బంతిని కాళ్ళ మధ్య నుంచి సాగనంపాడట. ఊరంతా అంటున్నారు.”

మనవడు మేజోళ్ళు పిండి, విదిలించి, తీగ మీద ఆరేశాడు. ఆరోజు నుంచి తాతతో మాట మానేశాడు. కోపం చూపించలేదు, తలుపులు విసిరికొట్టలేదు. తాత చేతికి అందేంత దూరంలో కూర్చుని కూడా, “అమ్మా, తాతని రేడియో కాస్త తగ్గించమను” అనేవాడు. తాత తగ్గించేవాడు. “అమ్మా, తాతకి మజ్జిగ కావాలేమో అడుగు” అనేవాడు. కావాల్సి ఉన్నా తాత అక్కర్లేదనేవాడు. చిన్నప్పుడు తన ఒళ్ళో కూర్చుని, కుంచె పట్టుకుని ‘అ’ దిద్దిన పిల్లవాడు ఇప్పుడు తన గురించి ప్రథమ పురుషలో మాట్లాడుతున్నాడు. ఇంతకంటే వాడు రెండు తిట్టినా బాగుండునని పెయింటరుకి అనిపించేది. మాట మొదట తనే కలపొచ్చు. కానీ ఆయనకి ఆ విద్య రాదు.

ఫైనల్ ఆదివారం. స్టేడియంలోకి ప్లాస్టిక్ తేవద్దన్నారు కాబట్టి సంఘంవాళ్ళకి ఫ్లెక్సీ కుదరలేదు. బారెడు వెడల్పున్న తెల్ల గుడ్డ చంకన పెట్టుకుని ముగ్గురూ దుకాణంలోకే వచ్చేశారు.

“రాసి పెట్టుకోండి, రెండు సున్నా” అన్నాడు రెండు-సున్నా.

“మొన్నా అదే అన్నావు. మూడు రెండు అయింది” అన్నాడు పెయింటరు.

“అది నా తప్పా? మీవాడు వదిలిన రెండూ తీసేయండి. మూడు సున్నా. ఇక మనవాళ్ళు ఒకటి ఎక్కువ కొట్టారు, అంతే. నా లెక్క దాదాపు కరెక్టే.”

పళ్ళ డాక్టరు స్టూలు లాక్కుని కూర్చున్నారు. “అవతలివాళ్ళ తొమ్మిదో నంబరు తలతో కొడతాడు. అక్కడే మనకి డేంజరు. మీవాడు ఎగరడు. నేను చాలా రోజులుగా గమనిస్తున్నాను, మీవాడి కింది దవడ కాస్త వెనక్కి ఉంటుంది. అలాంటివాళ్ళు ఏ నిర్ణయమైనా ఆలస్యంగా తీసుకుంటారు. ఇది సైన్సు.”

ఆ దవడ పెయింటరుదే. కూతురికీ అదే దవడ. డాక్టరు గారు ఆ దవడకి ఎదురుగా కూర్చునే ఈ మాట చెప్పారు, గమనించకుండా. ఆయన గమనింపు అంతటిది.

“నేల మెత్తగా ఉంటే మనకి అనుకూలం” అన్నాడు గుమాస్తా. “గట్టిగా ఉంటే వాళ్ళకి. మరీ మెత్తగా కాకుండా, మరీ గట్టిగా కాకుండా ఉంటే మాత్రం చెప్పలేం. రిఫరీ ఎవరన్నది కూడా చూడాలి. మొత్తానికి గెలుస్తామనే నా అభిప్రాయం, ఓడితే తప్ప.”

“ఓడితే తప్ప” అని పెయింటరు ఆ మాటని పళ్ళ మధ్య పెట్టి నమిలాడు. గుమాస్తా దాన్ని ఒప్పుకోలు కింద తీసుకున్నాడు.

కీపరుని మార్చాలన్నది అంతకుముందు వారం వీళ్ళు బెంచీ మీద చేసిన తీర్మానం. కానీ రెండో కీపరుకి ప్రాక్టీసులో వేలు విరిగింది. ఇక ఉన్నవాడితోనే సర్దుకోవాలి. సర్దుకోవడానికి డాక్టరు గారు ఒక ఉపాయం కనిపెట్టారు. కీపరుని పొగుడుతూ బ్యానరు రాయించి, అతని వెనకే, గోలు పక్కన పట్టుకుని నిలబడాలి. “పొగిడితే మనిషి సిగ్గుపడైనా పట్టుకుంటాడు. ఇది కూడా సైన్సే.”

“అయితే రాయండి. ‘మావాడు ఉండగా గోలు పడదు’” అన్నాడు రెండు-సున్నా.

గుమాస్తా చెయ్యి అడ్డం పెట్టాడు. “ఆగండాగండి. మావాడు అంటే పూచీ మన సంఘం మీద పడుతుంది. రేపు ఏదన్నా అయితే, ‘మీవాడేగా, మీరే రాసుకున్నారుగా’ అంటారు. మనవాడు అని రాయిద్దాం. మనవాడు అంటే చదివినవాడు కూడా అందులో ఉన్నట్టు. ఊరందరి మీదా పడుతుంది.”

ముగ్గురూ ఆ తెలివికి తలలాడించారు. పెయింటరుకి వాళ్ళ ముగ్గురి నెత్తినా రంగు డబ్బా బోర్లించాలనిపించింది. కానీ డబ్బాలో ఉన్నది మంచి నీలం, వీళ్ళ కోసం పాడుచేసేది కాదు. “పొండి, రాసిపెడతాను” అన్నాడు.

ఆయన రాసే పద్ధతి వేరు. గుడ్డ బిగించి, దారంతో గీత కొట్టి, ముందు అక్షరాల ఒళ్ళు మాత్రం వరసగా రాసుకుపోతాడు, బోడిగా. అవి ఆరాక సన్న కుంచె తీసుకుని మొదటి నుంచి మళ్ళీ నడుచుకుంటూ తలకట్లు, దీర్ఘాలు, కొమ్ములు పెడతాడు. అన్నీ ఒకే ఊపులో పెడితే అన్నీ ఒక్కలా ఉంటాయని ఆయన నమ్మకం. అంతా అయ్యాక నాలుగడుగులు వెనక్కి వేసి, పెదవులు కదుపుతూ పైకి చదువుతాడు. చదవకుండా ఏ బోర్డూ దుకాణం దాటలేదు.

ఆరోజు తలకట్లు మొదలుపెట్టే వేళకి కూతురు అన్నం డబ్బా తెచ్చింది. బల్ల మీద పెట్టి వెళ్ళిపోకుండా గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

“నిన్న వాడు ఒకటడిగాడు నాన్నా. తాత ఎప్పుడైనా నా ఆట చూశాడా అని.”

పెయింటరు మొదటి అక్షరానికి తలకట్టు పెట్టాడు. “నువ్వేమన్నావు?”

“తాతకి తీరికెక్కడుందిరా అన్నాను. పరువు కాపాడాలిగా నీది.”

“పని దగ్గర మాట్లాడకు, గీత వంకర పోతుంది.”

“పోనీ. ఎప్పుడు మాట్లాడినా నీకు ఏదో ఒక గీత వంకర పోతూనే ఉంటుంది.” ఆమె గొంతు పెంచలేదు. “బెంచీ మీదవాళ్ళని రోజూ తిడతావు. వాళ్ళకీ నీకూ తేడా ఏంటి నాన్నా? వాడికి బడిలో బహుమతి వస్తే ‘నా మనవడు, నా మనవడు’ అని వీధంతా చెప్పుకు తిరిగావు. లెక్కల్లో తప్పితే ‘నీ కొడుకు’ అని నాకప్పగించావు. ఉద్యోగం దొరికితే నీ మనవడు. అది మూటలు మోసే ఉద్యోగమని తెలిశాక నా కొడుకు. వాళ్ళు మనవాడు, మీవాడు అంటారు. నువ్వు నా మనవడు, నీ కొడుకు అంటావు. మాటలు వేరు, అంతేగా.”

ఆమె నిన్నటి ఖాళీ డబ్బా తీసుకుని ఫ్యాక్టరీకి పోయింది. పెయింటరు చెయ్యి ఆపలేదు. చెయ్యి తన దారిన తను తలకట్లు పెట్టుకుంటూ చివరిదాకా పోయింది. అన్నం తినకుండా షట్టరు సగం దించి కూర్చున్నాడు. సాయంత్రం రెండు-సున్నా వచ్చి, ఆరిందో లేదో వేలితో చూసి, గుడ్డ మడతపెట్టుకుని తీసుకుపోయాడు. ఆపూట పెయింటరు నాలుగడుగులు వెనక్కి వేయలేదు, పైకి చదవనూ లేదు.

ఆదివారం ఉతికిన చొక్కా వేసుకుని ఆయన స్టేడియానికి బయలుదేరాడు. “బ్యానరు గాలికి ఎలా నిలుస్తుందో చూడాలి” అని కూతురికి చెప్పాడు. ఆమె కూడా చెప్పులేసుకుంది. మనవడు పొద్దున్నే వెళ్ళిపోయాడు, వీళ్ళు వస్తున్నట్టు అతనికి తెలియదు.

గోలు వెనక కంచె దగ్గర సంఘం చేరింది. జట్లు మైదానంలోకి వచ్చాయి. రెండు-సున్నా ఒక కర్రా, పళ్ళ డాక్టరు ఒక కర్రా పట్టుకుని బ్యానరు విప్పారు. మొదట అవతలి జట్టు అభిమానుల్లో ఎవడో చదివాడు. తర్వాత పక్కవాడు చదివాడు. నవ్వు మెట్ల మీదుగా పైదాకా పాకింది.

“ఎవరి మనవడ్రా?” అని ఒకడు కేక పెట్టాడు.

పెయింటరు ముందుకు వెళ్ళి చూశాడు. నీలం రంగులో, బెత్తెడు బెత్తెడు అక్షరాల్లో, తన చేతి వంపుతో, తను రాసిందే: ‘మనవడు ఉండగా గోలు పడదు’. వకారానికి దీర్ఘం ఉండాల్సిన చోట తలకట్టు ఉంది. ఎంత చక్కటి తలకట్టంటే, తప్పని ఎవరికీ అనుమానం కూడా రానంత చక్కటిది.

ఊళ్ళో ఎవడి దీర్ఘం ఎక్కడ జారినా ఏరి వాడి ముఖాన పెట్టిన మనిషి. బిస్కెట్టు మీద బేకరీవాడిని నలుగురిలో నిలబెట్టిన మనిషి. బేకరీవాడు ఆ మెట్ల మీద ఎక్కడో ఉండే ఉంటాడని ఆయనకి తోచింది.

గుమాస్తా కళ్ళజోడు పెట్టుకుని చదివాడు, తీసి మళ్ళీ చదివాడు. “ఇది మన సంఘం బ్యానరు కాదు” అని ప్రకటించాడు. “మనం చెప్పింది వేరు. ఇందులో మనకి సంబంధం లేదు.” ఆ మాట పడగానే డాక్టరు గారు కర్ర వదిలేశారు. రెండు-సున్నా తన కర్రని కంచెకి ఆనించి, “మీ ఇంటి బ్యానరు మీరే పట్టుకోండి పెయింటరు గారూ” అన్నాడు. ముగ్గురూ నాలుగు వరసలు పైకి వెళ్ళి కూర్చున్నారు, ముఖాలు ఎటో పెట్టుకుని. పారిపోవడంలో మాత్రం వాళ్ళకి నిర్ణయం ఆలస్యం కాలేదు.

గుడ్డ సగం నేల మీద పడి ఉంది. గోలు దగ్గర మనవడు వెనక్కి తిరిగి చూశాడు. ఆ నవ్వంతా దేని గురించో అతనికి అర్థమైంది. ముందు గుడ్డని చూశాడు, తర్వాత తాతని చూశాడు. చూసి, ముఖంలో ఏ మార్పూ లేకుండా, చేతి తొడుగులు బిగించుకుంటూ మైదానం వైపు తిరిగాడు.

పెయింటరు వంగి కర్ర అందుకున్నాడు. ఒక కర్ర ఎత్తితే బ్యానరు నిలవదు. కూతురు వచ్చి రెండోది ఎత్తింది. తండ్రీ కూతుళ్ళు చెరో పక్కా నిలబడి గుడ్డ బిగించారు.

“తాతా, నీ మనవడేనా?” అని అవతలివాడు మళ్ళీ అరిచాడు. మెట్లన్నీ మళ్ళీ నవ్వాయి.

“నా మనవడే” అన్నాడు పెయింటరు. వాడికి వినపడలేదేమోనని గట్టిగా మళ్ళీ చెప్పాడు. “అవునయ్యా, నా మనవడే.”

ఆట ఆయనకి పెద్దగా అర్థం కాలేదు. మనవడు రెండు మూడుసార్లు గాల్లోకి లేచి బంతిని గుద్దాడు. డాక్టరు గారి సైన్సుకి విరుద్ధంగా బాగానే ఎగిరాడు. ఒకసారి ఎదుటివాడి కాళ్ళ మీదే పడిపోయి బంతిని పొట్టకి హత్తుకున్నాడు, అప్పుడు కూతురు కళ్ళు మూసుకుంది. పై వరసల నుంచి “మనవాడురా” అని రెండు-సున్నా గొంతు వినిపించింది. సగం ఆటయ్యాక జట్లు వైపులు మారితే, తండ్రీ కూతుళ్ళు కూడా గుడ్డతో అవతలి గోలు వెనక్కి మారారు. చివర్లో ఎవడో కొట్టిన బంతి మరెవడి కాలికో తగిలి, దారి మార్చుకుని, మనవడు దూకిన పక్కకి కాకుండా రెండో పక్కకి పోయింది. గోలు పడింది. పడదని రాసిన బ్యానరు కిందే పడింది. మెట్ల మీద మళ్ళీ నవ్వులు మొదలయ్యాయి. పెయింటరు చేతులు నొప్పెడుతున్నాయి, కానీ కర్ర దించలేదు.

మనవడు లేచి, వలలోంచి బంతి తీయడానికి వచ్చాడు. ఎదురుగా ఆ గుడ్డ ఇంకా అలాగే ఉంది. ఒక్క క్షణం నిలబడి, బంతి తీసుకుపోయాడు.

ఒకటి సున్నాతో ఓడారు. విజిల్ ఊదకముందే సంఘం గేటు దగ్గర ఉంది. “వాళ్ళు ఎప్పుడూ ఇంతే” అంటున్నాడు గుమాస్తా పక్కవాడెవడితోనో. “నేను ముందే చెప్పాను, నేల మరీ మెత్తగా కాకుండా, మరీ గట్టిగా కాకుండా ఉందని.”

జనం పలచబడ్డాక మనవడు కంచె దగ్గరికి వచ్చాడు. మోచేతి మీద చర్మం లేచిపోయి ఉంది. తల్లి వైపు కాకుండా తాత వైపే చూశాడు.

“తాతా, దీర్ఘం ఏది?”

సెమీఫైనల్ తర్వాత తాతతో నేరుగా అన్న మొదటి మాట అది.

“పడలేదురా.”

“కావాలనే మానేశావా?”

అవునంటే సరిపోయేది. పరువూ నిలిచేది, మనవడి దగ్గర పెద్దరికమూ మిగిలేది. ఆ ఊళ్ళో ఎవరూ ఆయన చేత తప్పు ఒప్పించలేరు కూడా. ఆయన మనవడి మోచెయ్యి చూస్తూ నిలబడ్డాడు.

“లేదు. తప్పే రాశాను. చెయ్యి రాసేసింది, నేను చూసుకోలేదు.”

మనవడు బ్యానరు మొదటి నుంచి చివరిదాకా మళ్ళీ చదివాడు. పెదవి చివర ఏదో కదిలింది.

“గోలు కూడా పడింది. అంటే బ్యానరంతా తప్పే అన్నమాట.”

“మొదటి మాట ఒక్కటీ ఒప్పే” అన్నాడు పెయింటరు.

మనవడు కంచె మీంచి చెయ్యి చాపి, తాత చేతిలోని కర్ర తను అందుకున్నాడు. ముగ్గురూ కలిసి గుడ్డ మడతపెట్టారు.

ఇప్పుడది దుకాణం గుమ్మానికి పరదాగా వేలాడుతోంది. బెంచీ మీద మళ్ళీ ఆ ముగ్గురే. వచ్చే ఏడాది రెండు సున్నా ఖాయమట. మొన్నొక రోజు గుమాస్తా ఆ పరదా కిందనుంచి తల వంచుకుని లోపలికి వచ్చాడు. “ఏమండీ, గుడ్డ ఎలాగూ పాడవలేదు. ఆ ఒక్క దీర్ఘం పెట్టారంటే వచ్చే ఏటికి మన సంఘానికి పనికొస్తుంది” అన్నాడు.

పెయింటరు చుట్టూ రంగు డబ్బాలే. మోకాలి దగ్గర మూత తీసి ఉన్నది ఆ నీలమే. సన్న కుంచె చేతిలోనే ఉంది.

“రంగు లేదండీ” అన్నాడు ఆయన.